నమ్మకం అడిగితే తెలిసేది కాదు: విస్తరణ పరిశోధనలో కొలత పద్ధతులపై ఒక అభిప్రాయం

వ్యవసాయ విస్తరణ విభాగపు సిద్ధాంత గ్రంథాలలో ఒక పట్టిక తరచుగా కనిపిస్తుంది. 'వ్యవసాయ విస్తరణ అధికారి ఇచ్చే సలహాపై నాకు నమ్మకం ఉన్నది' అనే వాక్యం, దానికి ఎదురుగా 'పూర్తిగా అంగీకరిస్తాను' మొదలుకొని 'ఏమాత్రం అంగీకరించను' వరకు ఐదు గడులు. ఎంపిక చేసిన రైతులలో ఎక్కువమంది మొదటి రెండు గడులలోనే చేరుతారు. విస్తరణ వ్యవస్థపై రైతులకు అధిక నమ్మకం ఉన్నదని నిర్ధారణ వెలువడుతుంది. అదే గ్రంథంలో కొన్ని పుటల తరువాత, భూసార పరీక్ష ఫలితాన్ని అనుసరించి ఎరువులు వేసినవారు తక్కువని మరొక పట్టిక చెబుతుంది. ఈ రెంటికీ పొంతన ఎందుకు లేదన్న ప్రశ్నకు 'అవగాహన లోపం' అని సమాధానం చెప్పి ముందుకు సాగిపోతాం. నమ్మిన రైతు ఎందుకు ఆచరించలేదు? అసలు నమ్మాడా? మన పట్టిక కొలిచింది నమ్మకాన్నేనా? ఈ ప్రశ్నలను అవగాహన లోపం ఖాతాలో వేయకుండా, పరిశోధన పద్ధతికి సంబంధించిన ప్రశ్నలుగా ఎదుర్కోవలసి ఉన్నది.

సస్యశాస్త్రం బోధించేవారు సామాజిక శాస్త్ర పద్ధతుల గురించి మాట్లాడడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ప్రయోగ క్షేత్రంలో ఎన్నేళ్లు శ్రమించి రూపొందించిన సిఫారసు అయినా, చివరకు ఒక రైతు మరొకరి మాట మీద తన మడిలో ఏదో ఒకటి మార్చడం దగ్గరే ఫలిస్తుంది లేదా ఆగిపోతుంది. పైగా కొలత విషయంలో మన శాస్త్రానికి చెప్పుకోదగిన ఒక అనుభవం ఉన్నది. ఒకప్పుడు పంట దిగుబడిని రెవెన్యూ సిబ్బంది కంటిచూపుతో అణాలలో అంచనా వేసేవారు. పూర్తి పంట అయితే పదహారణాలు, ముప్పావు వంతు అయితే పన్నెండణాలు. 1940లలో మహలనోబిస్, సుఖాత్మే వంటి గణాంక శాస్త్రవేత్తల కృషితో యాదృచ్ఛికంగా ఎంచుకున్న చిన్న మడిని కోసి, నూర్చి, తూచే పంటకోత ప్రయోగ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. ఈనాడు ఏ సస్యశాస్త్ర వ్యాసమూ 'పంట బాగుందని రైతులు అన్నారు' అన్న మాటను దిగుబడిగా స్వీకరించదు. నమ్మకం విషయంలో మాత్రం మనం ఇంకా అణాల లెక్కలోనే ఉన్నాం.

మాటతో మొదలయ్యే చిక్కు

ఆంగ్లంలోని 'ట్రస్ట్' అనే పదాన్ని మన ప్రశ్నావళులలో 'నమ్మకం' అని అనువదిస్తాం. తెలుగులో నమ్మకం అనే మాట పరిధి పెద్దది. దేవుని మీద ఉండేదీ నమ్మకమే, శకునాల మీద ఉండేదీ నమ్మకమే. 'నమ్మబలకడం' అనే మాటలో మోసపు వాసన ఉన్నది. 'విశ్వాసం' అని మార్చితే విధేయత, కృతజ్ఞత అనే అర్థాలు వచ్చి చేరుతాయి. అధికారి పట్ల విశ్వాసం ఉన్నదా అని అడిగితే, ఆయన చేసిన మేలును మరిచిపోయావా అని అడిగినట్లు వినిపించవచ్చు. 'భరోసా' అన్న మాట 2019లో ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2025లో తెలంగాణలోనూ పెట్టుబడి సాయం పథకాల పేర్లలో చేరింది. ఇప్పుడు భరోసా ఉన్నదా అని అడిగితే, డబ్బులు ఖాతాలో పడ్డాయో లేదో చెప్పే రైతును తప్పుపట్టలేం.

అందువలన ఆంగ్ల ప్రశ్నావళిని తెలుగులోకి, తిరిగి ఆంగ్లంలోకి అనువదించి సరిచూసుకోవడం అవసరమే గాని, అది చాలదు. రైతులు ఒకరి గురించి ఒకరు మాట్లాడుకొనేటప్పుడు వాడే మాటలను ముందుగా సేకరించాలి. 'మాట మీద నిలబడే మనిషి', 'ఆయన చేతిలో పెట్టి రావచ్చు' వంటి మాటలలో ఎవరిని, ఏ పనికి, ఎంత మేరకు అన్న మూడు అంశాలూ ఇమిడి ఉంటాయి. మన వాక్యాలలో ఈ మూడూ ఉండవు. విత్తనం ఎంపికలో శాస్త్రవేత్తను నమ్మే రైతు మార్కెట్ ధర విషయంలో ఆయనను నమ్మనవసరం లేదు. 1995లో మేయర్, డేవిస్, షూర్మన్ అనే పరిశోధకులు నమ్మదగినతనాన్ని సామర్థ్యం, మేలుకోరే తత్త్వం, నిజాయితీ అని మూడు భాగాలుగా విడదీశారు. ఈ విభజన మన పల్లెలకు బాగా వర్తిస్తుంది. శాస్త్రవేత్త సామర్థ్యాన్ని రైతు శంకించడు. కాని సలహా విఫలమైతే నష్టపోయేది తానేనని, సలహా ఇచ్చినవారి జీతం ఆగదని ఆయనకు తెలుసు. ఎరువుల దుకాణదారుకు అంత జ్ఞానం లేకపోవచ్చు. అయినా రేపు ఉదయం వెళితే ఆయన అదే దుకాణంలో కూర్చొని ఉంటాడు, వెళ్లి నిలదీయవచ్చు. ఈ భేదాన్ని ఒక్క వాక్యపు ఐదు గడులు పట్టుకోలేవు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా చెప్పే సమాధానం ఒకటున్నది: క్రోన్‌బాక్ ఆల్ఫా 0.80 దాటింది గనుక మా కొలమానం సరైనదేనని. ఆల్ఫా చెప్పేది వాక్యాల మధ్య పొందికను మాత్రమే. పది వాక్యాలూ మర్యాదనే కొలిస్తే, మర్యాద అత్యంత పొందికగా కొలవబడుతుంది. తూకపురాయి తప్పుగా ఉన్న త్రాసు కూడా ప్రతిసారీ ఒకే బరువు చూపుతుంది.

మండలం ఒకటే, ప్రశ్న ఒకటి కాదు

మర్యాద సంగతి చిన్నది కాదు. ఆగ్నేయాసియా సర్వేలను పరిశీలించిన ఎమిలీ జోన్స్ 1963లోనే దీనిని 'మర్యాద వల్ల కలిగే పాక్షికత'గా గుర్తించారు. ఇంటికి వచ్చిన చదువుకున్న అతిథిని నొప్పించకూడదని, ఆయన వినదలచినట్లు తోచిన మాటనే చెప్పడం దాని సారాంశం. మన వద్ద పరిశోధక విద్యార్థి గ్రామానికి పోయేదే విస్తరణ అధికారి వెంట, కూర్చొనేది రైతు వేదికలో, అడిగేది ఆ అధికారి గురించే. 'మీరు చెప్తే కాదంటమా సారూ' అన్న సమాధానం మొదటి గడిలో చేరుతుంది. 'సూద్దాం సారూ' అన్నది మన పల్లెలలో కాదనడానికి అతి మర్యాదైన రూపం. దానికి మన పత్రంలో గడి లేదు. అది 'అంగీకరిస్తాను'లోనో, 'తటస్థం'లోనో కలిసిపోతుంది.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని తంగళ్ళపల్లి మండలాన్ని తీసుకుందాం. 2016 జిల్లాల పునర్విభజనలో ఏర్పడిన ఈ మండలంలో మానేటి ఒడ్డున వరి పండించే రైతులు ఉన్నారు. వాగు దాటితే సిరిసిల్ల పట్టణం గనుక మరమగ్గాల పని మీద ఆధారపడిన కుటుంబాలు ఉన్నాయి. మధ్య మానేరు జలాశయం కింద మునిగిన చీర్లవంచ, చింతలఠాణా వంటి గ్రామాలవారు పునరావాస కాలనీలలో ఉన్నారు. జిల్లెల్లలో వ్యవసాయ కళాశాల ఉన్నది. ఈ మండలంలో యాదృచ్ఛిక నమూనా తీసుకొని 'ప్రభుత్వ సంస్థలపై మీకు నమ్మకం ఉన్నదా' అని అడిగితే ఏమి జరుగుతుంది? వరి రైతుకు ప్రభుత్వమంటే ధాన్యం కొనుగోలు కేంద్రం. మరమగ్గం కార్మికునికి వస్త్రం ఆర్డరు. నిర్వాసితునికి పరిహారం, ఇంటి స్థలం. కళాశాల పక్క గ్రామపు రైతుకు తన పొలానికి వచ్చే విద్యార్థి. నాలుగు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులను కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఎవరి గురించీ ఏమీ చెప్పదు. నాలుగు రకాల నేలల మట్టిని ఒకే సంచిలో కలిపి పరీక్షకు పంపితే మనం ఒప్పుకుంటామా?

ఇది మన ఒక్కరి సమస్య కాదు. 'సాధారణంగా చాలామందిని నమ్మవచ్చు అంటారా, జాగ్రత్తగా ఉండాలంటారా' అన్న ప్రశ్నను ప్రపంచ విలువల సర్వే దశాబ్దాలుగా అనేక దేశాలలో అడుగుతున్నది. ఆ 'చాలామంది' అన్న మాటలో ఎవరెవరు ఇముడుతారన్నది దేశదేశానికీ మారుతుందని 2011లో డెల్హే, న్యూటన్, వెల్జెల్ 51 దేశాల సమాచారంతో చూపారు. కొన్ని చోట్ల అపరిచితులు ఇముడుతారు, కొన్ని చోట్ల తెలిసినవారు మాత్రమే. అంకె పెద్దదైనా నమ్మకపు వ్యాసార్థం చిన్నదిగా ఉండవచ్చు.

ప్రశ్న నుంచి పరీక్షకు

ఈ ఇబ్బందిని దాటడానికి అర్థశాస్త్రవేత్తలు ప్రయోగాలను ఆశ్రయించారు. 1995లో బెర్గ్, డికాట్, మెక్‌కేబ్ రూపొందించిన నమ్మకపు ఆటలో ఒకరికి 10 డాలర్లు ఇస్తారు. అందులో ఎంతైనా ముఖం తెలియని మరొకరికి పంపవచ్చు. పంపిన మొత్తం మూడింతలవుతుంది. అందుకున్నవారు తిరిగి ఎంత ఇస్తారన్నది వారి ఇష్టం. ఆ తొలి ప్రయోగంలో పంపవలసిన 32 మందిలో 30 మంది ఎంతో కొంత పంపారు. 2000 సంవత్సరంలో గ్లేజర్, ఆయన సహచరులు హార్వర్డ్ విద్యార్థులపై సర్వే ప్రశ్నను, ఈ ఆటను కలిపి పరీక్షించారు. 'చాలామందిని నమ్మవచ్చు' అన్నవారు ఆటలో ఎక్కువ డబ్బు పంపినవారు కారు. ఆ జవాబు వారి నమ్మే గుణం కంటే, తిరిగి ఇచ్చే గుణాన్ని ఎక్కువగా సూచించింది. అంటే ప్రశ్న ఒకదానిని కొలుస్తున్నదని అనుకుంటే, అది మరొకదానిని కొలుస్తున్నది.

మాటకు, చేతకు మధ్యగల ఈ దూరాన్ని గుర్తించిన తొలి పరిశోధనలలో ఒకటి మన నేల మీదనే జరిగిందన్న సంగతి విద్యార్థులకు తెలియవలసి ఉన్నది. ఇక్రిశాట్ 1975లో ప్రారంభించిన గ్రామస్థాయి అధ్యయనాలలో మహబూబ్‌నగర్ జిల్లాలోని డోకూరు వంటి గ్రామాలు ఉన్నాయి. అక్కడ రైతులు నష్టభయాన్ని ఎంతవరకు భరిస్తారన్నది హాన్స్ బిన్స్‌వాంగర్ అధ్యయనం చేశారు. ఊహాత్మక ప్రశ్నలతో జరిపిన ఇంటర్వ్యూలు నమ్మదగినవిగా తేలలేదు, అడిగే వ్యక్తిని బట్టి జవాబు మారింది. దానికి బదులుగా కూలి రోజుల లెక్కలో గణనీయమైన నిజమైన డబ్బుతో ఆటలు ఆడించారు. 1980లో ప్రచురితమైన ఆ ఫలితాలు నేటికీ ప్రపంచమంతటా ఉదాహరించబడుతున్నాయి. ఆ అధ్యయనాలలో మరొక విశేషం కూడా ఉన్నది. సమాచారం సేకరించేవారు గ్రామంలోనే నివసించి, సంవత్సరాల తరబడి అవే కుటుంబాలను కలిశారు.

నమ్మకానికి మరింత దగ్గరి ఉదాహరణ వర్షాధార బీమా. కోల్, గినె, వారి సహచరులు ఆంధ్రప్రదేశ్, గుజరాత్ గ్రామాలలో జరిపి 2013లో ప్రచురించిన ప్రయోగాలలో ధరతోపాటు, బీమా గురించి వివరించడానికి వచ్చిన వ్యక్తిని ఊరికి తెలిసిన స్థానిక ప్రతినిధి పరిచయం చేయడం, చేయకపోవడం అన్నది కూడా యాదృచ్ఛికంగా మార్చి చూశారు. పరిచయం చేసిన ఇళ్లలో కొనుగోలు పెరిగింది. అక్కడ ఎవరినీ 'మీకు నమ్మకం ఉన్నదా' అని అడగనవసరం లేకపోయింది. రైతు జేబులోంచి డబ్బు తీయడమే జవాబు.

అయితే ఆటలను ఆకాశానికెత్తవలసిన పని లేదు. బయటివారు ఇచ్చిన డబ్బును ఉదారంగా పంపడం నమ్మకం కావచ్చు, దానగుణం కావచ్చు, నష్టభయం లేకపోవడం కావచ్చు. ముఖం తెలియని మనిషితో లావాదేవీ అన్నది పల్లెలో అరుదైన సంగతి. ఆటలో పంపిన పది రూపాయలు, కౌలు పొలంలో యూరియా తగ్గించడం ఒకటి కావు. అందువలన మన విషయంలో అత్యుత్తమ పరీక్ష పొలంలోనే జరగాలి.

పొలంలో ఉన్న కొలతలు

నేలలో లభ్య భాస్వరం ఎక్కువగా ఉన్నదని భూసార పరీక్ష తేల్చిన రైతుకు డి.ఏ.పి. తగ్గించమని సలహా ఇచ్చామనుకుందాం. అలవాటైన బస్తాను మానుకోవడం రైతుకు భయంతో కూడిన పని. ఆ రైతు ఎన్ని గుంటలలో తగ్గించాడు? ఎకరానికి నలభై గుంటలు. సున్నా గుంటలు, ఐదు గుంటలు, మొత్తం నలభై గుంటలు అన్నవి మూడు వేర్వేరు స్థాయిల నమ్మకాలు. మరుసటి యాసంగిలో ఆ గుంటలు పెరిగాయా, తగ్గాయా అన్నది నమ్మకపు గమనాన్ని చూపుతుంది. ఇది ఐదు గడుల కొలమానం కంటే ఎంతో స్పష్టమైనది, తనిఖీ చేయదగినది.

వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో హియాంగ్, ఎస్కలాడా ఇటువంటి మార్గాన్నే అనుసరించారు. వరిలో తొలి నలభై రోజులు ఆకుముడత పురుగుకు మందు కొట్టనవసరం లేదన్న సలహాను నమ్మమని అడగలేదు. పొలంలో కొంత భాగంలో మందు మాని, మిగిలిన భాగంతో పోల్చి చూసుకోమన్నారు. అది విస్తరణ పద్ధతి, కొలత పద్ధతి కూడా.

ఇటువంటి జాడలు మన చుట్టూ చాలా ఉన్నాయి. కొనుగోలు కేంద్రంలో తన వడ్లు కాంటా వేసేటప్పుడు రైతు చివరిదాకా నిలబడి చూస్తాడా, సంచులు అప్పజెప్పి ఇంటికి పోతాడా? తరుగు విషయంలో ఆయన మనసులో ఏమున్నదో ఆ నిలబడడమే చెబుతుంది. 1956లో ఏర్పడి నేటికీ నిలిచిన ముల్కనూరు సహకార సంఘం వంటి చోట పరిశోధకునికి కావలసిన సమాచారం సభ్యుల పొదుపు, అప్పు చెల్లింపు, ధాన్యం అప్పగింతల దస్త్రాలలోనే ఉంటుంది. వెబ్, ఆయన సహ రచయితలు 1966లోనే ఇటువంటి 'అడ్డుతగలని కొలతల' ఆవశ్యకతను వివరించారు. పాత కరీంనగర్ ప్రాంతంలో విస్తృతంగా సాగే వరి విత్తనోత్పత్తిలో రైతుకు, ఆర్గనైజరుకు మధ్య రాతపూర్వకంగా ఉన్నదెంత, మాట మీద నడుస్తున్నదెంత అన్నది పరిశీలిస్తే ఒక మంచి సిద్ధాంత గ్రంథమవుతుంది.

అయితే ప్రవర్తన కూడా తనంతట తానే మాట్లాడదు. రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది: గత్యంతరం లేకపోవడాన్ని నమ్మకంగా లెక్కించరాదు. ఉద్దెర మీద ఎరువులు తెచ్చుకొనే రైతు ఆ దుకాణదారు ఇచ్చిన మందునే కొడతాడు. మరో దుకాణానికి పోగల స్వేచ్ఛ ఉండి కూడా పోకపోతేనే అది నమ్మకం. ఎంచుకొనే అవకాశం ఉన్నచోటే నమ్మకం అనే మాటకు అర్థమున్నదని సమాజ శాస్త్రవేత్త లూమన్ చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. 2003 నాటి జాతీయ నమూనా సర్వే 59వ విడతలో దేశవ్యాప్తంగా ఆధునిక సాగు సమాచారాన్ని తోటి అభ్యుదయ రైతుల నుంచి పొందినవారు 16.7 శాతం, దుకాణదారుల నుంచి 13.1 శాతం, విస్తరణ కార్యకర్తల నుంచి 5.7 శాతం. ఈ అంకెలను నమ్మకానికి కొలతగా ఉదాహరించడం తగదు. ఎవరు అందుబాటులో ఉన్నారన్నది మాత్రమే అవి చెబుతాయి.

రెండవది: అనుకరణను నమ్మకంగా పొరబడరాదు. వరంగల్ జిల్లా పత్తి రైతుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన మానవ శాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ 2007లో ఒక విషయాన్ని నమోదు చేశారు. ఒక గ్రామమంతా ఒక ఏడు ఒకే రకం విత్తనం వైపు పరుగెత్తి, త్వరలోనే దానిని వదిలివేసేది. అమ్మకాల లెక్క మాత్రమే చూసినవారు దానిని ఆ విత్తనంపై రైతుల తీర్పు అనుకుంటారు. ఎందుకు కొన్నావని పొలం గట్టున కూర్చొని అడిగినవారికి పక్కవాడు వేశాడన్న జవాబు వినిపిస్తుంది. అంకెతోపాటు సంభాషణ కూడా కావాలనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

నమ్మకం పెంచడమా, నమ్మదగినట్లు ఉండడమా

పద్ధతుల చర్చ వెనుక ఒక నైతిక ప్రశ్న ఉన్నది. బ్రిటిష్ తత్త్వవేత్త ఓనోరా ఓనీల్ 2002 నాటి రీత్ ఉపన్యాసాలలో చేసిన వాదన మనకు ముఖ్యం: నమ్మకాన్ని పెంచడం లక్ష్యం కారాదు, నమ్మదగినవారిని నమ్మడం, తగనివారిని నమ్మకపోవడం లక్ష్యం కావాలి. మన పరిశోధనలన్నీ రైతు నమ్మకం తక్కువగా ఉంటే దానిని ఒక లోపంగా, చికిత్స చేయవలసిన జబ్బుగా చూస్తాయి. రైతు సందేహం సహేతుకమై ఉండవచ్చునన్న అవకాశాన్ని అవి పరీక్షించవు.

తెలంగాణ ఇటీవలి అనుభవమే తీసుకుందాం. 2020 వానాకాలంలో నియంత్రిత సాగు విధానం కింద మొక్కజొన్న వేయవద్దని ప్రచారం జరిగింది. ఆ ఏడాది డిసెంబరులోనే ఆ విధానాన్ని విడిచిపెట్టారు. 2021-22 యాసంగిలో వరి వేయవద్దని ఊరూరా చెప్పడం జరిగింది. 2022 ఏప్రిల్‌లో ధాన్యం కొనాలన్న నిర్ణయం వెలువడింది. ఆ నిర్ణయాలకు కారణాలు ఉన్నాయి, వాటి మంచిచెడ్డలు ఇక్కడి విషయం కాదు. కాని ఆ మాటను రైతు ముంగిటకు మోసుకువెళ్లింది విస్తరణ సిబ్బంది. మాట విన్న రైతు వరి మానుకున్నాడు, వినని రైతు వడ్లు అమ్ముకున్నాడు. అటుపై అదే అధికారి యూరియా మోతాదు గురించి చెప్పేటప్పుడు రైతు చెవిలో పాత మాట కూడా మోగుతుంది. ఇటువంటి సంఘటనలకు ముందు తీసిన కొలతను, తరువాత తీసిన కొలతను తేదీలు లేకుండా పక్కపక్కన పెట్టడం అశాస్త్రీయం. ఐదు వేల ఎకరాలకు ఒకరు చొప్పున ఉన్న విస్తరణ అధికారికి ఎన్ని బాధ్యతలు, ఆయన చెప్పిన సలహాలలో ఎన్ని నెగ్గాయి, ఎన్ని తప్పాయి అన్న నమోదు లేకుండా రైతు నమ్మకాన్ని మాత్రమే కొలవడం, నీరు పెట్టారో లేదో చూడకుండా పైరు ఎత్తు కొలవడం వంటిది.

చేయదగినవి

మన కళాశాలలకు ఉన్న వనరులతోనే కొన్ని మార్పులు సాధ్యం. చివరి సంవత్సరపు విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద గ్రామాలలో నివసిస్తారు, ఆతిథేయ రైతుతో కలిసి పనిచేస్తారు. ప్రస్తుతం ఈ కాలం నివేదికలు నింపడంలో గడిచిపోతున్నది. ఒకే గ్రామానికి వరుసగా వచ్చే విద్యార్థి బృందాలు అవే కుటుంబాల గుంటల లెక్కను ఏటేటా కొనసాగిస్తే, ఐదారేళ్లలో ఏ ప్రశ్నావళీ ఇవ్వలేని సమాచారం సమకూరుతుంది. జిల్లెల్ల కళాశాల చుట్టుపక్కల గ్రామాలు, పొలాస పరిశోధన స్థానం పరిధిలోని గ్రామాలు ఇందుకు సహజమైన క్షేత్రాలు.

సిద్ధాంత గ్రంథాల స్థాయిలో నాలుగు నియమాలు చాలు. ఎవరి గురించి అడుగుతున్నామో ఆ వ్యక్తి వెంట, ఆయన కార్యాలయంలో సమాచారం సేకరించరాదు. ప్రతి వాక్యంలోనూ ఎవరిని, ఏ పనికి, ఎంత మేరకు అన్నది ఉండాలి. చెప్పిన జవాబుతోపాటు, రైతు నష్టపోగల ఒక్క చర్యనైనా కొలిచి, రెంటికీ ఉన్న సంబంధాన్ని నివేదించాలి. ఫలితాన్ని ఆ రైతులకే తిరిగి వినిపించి, వారు కాదన్న అంశాలను గ్రంథంలో చేర్చాలి. వీలున్నచోట ఒకే సలహాను కొన్ని గ్రామాలలో అధికారి ద్వారా, కొన్నింటిలో తోటి రైతు ద్వారా అందించి పోల్చవచ్చు. అయితే ప్రయోగ మడికి అంచు వరుసలు వదిలినట్లే, గ్రామాల మధ్య దూరం పాటించాలి. బంధుత్వాలు, అంగడి, పాలకేంద్రం ద్వారా మాట ఒక ఊరి నుంచి మరో ఊరికి పాకుతుంది.

ఈ నియమాలతో తీసిన అంకెలు ఇప్పటి పట్టికల కంటే తక్కువగా రావచ్చు. పరీక్షాధికారులు, మార్గదర్శకులు అందుకు సిద్ధపడాలి. 'అధిక నమ్మకం' అన్న నిర్ధారణ వలన ఒక విద్యార్థికి పట్టా వస్తుంది గాని, విస్తరణ వ్యవస్థలో ఏది చెడిందో ఎవరికీ తెలియదు. నలభై గుంటలలో ఐదు గుంటలు మాత్రమే మన మాటకు అప్పగించిన రైతు ఒక స్పష్టమైన సమాచారం ఇస్తున్నాడు. మిగిలిన ముప్పై ఐదు గుంటలు ఎందుకు ఇవ్వలేదన్నది వచ్చే యాసంగికి మన పరిశోధనాంశం కావాలి.